జడ్జి డేవిస్ కూర్చున్న కుర్చీలు, కూర్చోని కుర్చీ

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ జూనియర్లూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి బాబూ. సీనియర్ల పక్కన కూర్చున్నంత మాత్రాన ఎవరి కేసూ వాయిదా పడదు.

ఈ ఉపన్యాస నిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆ పేరు వేదిక మీది ఫోటో కింద రాసి ఉంది. కానీ ఈ ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఊళ్లో ముప్ఫైమంది ప్లీడర్లున్నా, ప్లీడరు గారు అంటే ఆయనే. నేను రెండేళ్లు ఆయన దగ్గర జూనియర్‌గా ఉన్నాను. తర్వాత పాఠాలు చెప్పుకుంటానని లా కాలేజీకి వెళ్లిపోతుంటే, “మంచిదయ్యా, నువ్వూ బతికావు, కక్షిదారులూ బతికారు” అని దీవించారు.

ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. ఆయనతో కాలేజీలో ఒకే గదిలో ఉండి చదువుకున్న స్నేహితుడు ఒకాయన మున్సిఫ్ అయి, తిరిగి తిరిగి మన కోర్టుకే బదిలీ మీద వచ్చారు. అంతే, ప్లీడరు గారు సాయంత్రం కాలవగట్టు మీద నడక మానేశారు. మున్సిఫ్ గారికీ అదే గట్టు, అదే వేళ. మూడేళ్లు అలాగే గడిచాయి. బదిలీ ఆర్డరు వచ్చిన సాయంత్రం ఇద్దరూ మళ్లీ గట్టెక్కారు, రెండర్థాల్లోనూ.

బెంచికీ బారుకీ మధ్య మనకు తెలిసిన మర్యాద అదే, ఎడం పాటించడం. ఇవాళ నేను చెప్పబోయే మనిషి ఆ ఎడం జన్మలో ఒక్కరోజు పాటించలేదు. తన ముందు వాదించే వకీలుతో కలిసి తిన్నాడు, కలిసి తిరిగాడు. జడ్జిగా ఉంటూనే అతన్ని దేశాధ్యక్షుణ్ణి చేయడానికి పనిచేశాడు, అతని చేతి మీదుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. వెళ్లాక ఆ స్నేహితుడి ప్రభుత్వం చేసిన పని చెల్లదని తీర్పు రాశాడు. పేరు డేవిడ్ డేవిస్. లింకన్ చరిత్ర చదివినవాళ్లకు పక్క పాత్రగా తగులుతాడు. నేను ఆయన్ని ఈ గంటసేపు నడిమధ్య నిలబెడతాను.

నా వాదన చిన్నది. జడ్జికి స్నేహాలు, రాజకీయాలు ఉన్నాయా అని అడగడం తేలిక. వాటి బాకీ బెంచి మీద కూర్చుని తీర్చాడా అని అడగాలి. దాని వెంటే ఇంకో ప్రశ్న ఉంది, మనం దాన్ని అడగం. ఎవరి మనిషీ కాడు అని పేరు తెచ్చుకున్నవాడు, ఆ పేరుతో దేశానికి పని పడిన రోజున కుర్చీలో ఉన్నాడా?

1

డేవిస్ 1815 మార్చి 9న మేరీలాండ్ రాష్ట్రంలోని సెసిల్ కౌంటీలో పుట్టాడు. కొడుకు భూమి మీద పడకముందే తండ్రి పోయాడు. ఒహాయోలోని కెన్యన్ కాలేజీలో చదివి, మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో ఒక వకీలు ఆఫీసులో పని నేర్చుకుని, న్యూ హేవెన్‌లో కొంత న్యాయశాస్త్రం చదివి, 1835లో పడమటికి బయలుదేరాడు. మరుసటి ఏడాదికల్లా ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో స్థిరపడ్డాడు. ప్రాక్టీసు కన్నా భూముల మీద ఎక్కువ సంపాదించాడు. కొని అట్టేపెట్టడం తప్ప పెద్ద కిటుకేం లేదు. రైలు వచ్చాక ఆ భూముల ధర అదే పెరిగింది.

1844లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1847లో ఇల్లినాయ్ కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ సభలో సభ్యుడు. ఆ రాజ్యాంగం జడ్జీలను జనమే ఓటు వేసి ఎన్నుకోవాలంది. 1848లో అలాగే ఓట్లు అడిగి, గెలిచి, ఎనిమిదో సర్క్యూట్ జడ్జి అయ్యాడు. జడ్జి ఇంటింటికీ తిరిగి ఓటు అడగడం మనకు నవ్వు పుట్టిస్తుంది. వాళ్లకు అది మామూలు.

సర్క్యూట్ అంటే చుట్టు. మన భాషలో చెప్పాలంటే ఏడాదికి రెండు పెద్ద క్యాంపులు, వసంతకాలంలో ఒకటి, ఆకురాలు కాలంలో ఒకటి. ఒక్కోటి దాదాపు మూడు నెలలు. ఆ సర్క్యూట్ బాగా పెద్దదిగా ఉన్న రోజుల్లో దాని కింద 14 కౌంటీలుండేవి. ఒక కౌంటీ కోర్టులో నాలుగు రోజులో వారమో కూర్చుని, ఉన్న కేసులు తేల్చి, బండి కట్టుకుని తర్వాతి ఊరికి. జడ్జితో పాటు వకీళ్లూ బయలుదేరేవాళ్లు. కక్షిదారులు ఆయా ఊళ్లలో కాచుకుని ఉండేవాళ్లు.

దారంటే పచ్చికబయళ్ల బురద. వాగుల మీద వంతెనలు తక్కువ. రాత్రి దిగిన పూటకూళ్ల ఇంట్లో ఒక్కో మంచం మీద ఇద్దరేసి వకీళ్లు పడుకోవాలి. జడ్జి గారికి మాత్రం విడి మంచం. అది హోదాకు దక్కిన గౌరవం కాదు. ఆయన బరువు 300 పౌండ్లు, అంటే మన లెక్కలో 136 కిలోలు. పక్కన ఇంకొకరు పట్టరు. బండికి కూడా రెండు గుర్రాలు కట్టాల్సి వచ్చేది. సూర్యుడు కుంగాక ఆ బండి ఊళ్లోకి వస్తుంటే కోర్టు వచ్చిందని పిల్లలకు కూడా తెలిసిపోయేది.

ఈ చుట్టు మొదలు నుంచి చివరిదాకా తిరిగే వకీలు ఒక్కడే, లింకన్. మిగిలినవాళ్లు తమ చుట్టుపక్కల రెండు మూడు కౌంటీలు చూసుకుని ఇళ్లకు పోయేవాళ్లు. అందుకని నెలల తరబడి జడ్జీ లింకనూ ఒకే గదిలో, ఒకే భోజనాల బల్ల దగ్గర. పొద్దున వాదనలు, సాయంత్రం కబుర్లు. డేవిస్ ఏదైనా పని మీద వెళ్లాల్సి వస్తే లింకన్‌ను బెంచి మీద కూర్చోబెట్టి వెళ్లేవాడు. చట్టం ఒప్పుకునే పని కాదది. ఒప్పుకోదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజుల ముచ్చట ఒకటి వార్డ్ లామన్ అనే వకీలు తర్వాత రాసుకున్నాడు. మతిస్థిమితం లేని ఒక అమ్మాయి ఆస్తి వ్యవహారం, లామన్, లింకన్ కలిసి చూశారు. ఆస్తి 10,000 డాలర్లు. లామన్ ముందే 250 డాలర్ల ఫీజు మాట్లాడుకున్నాడు. కేసు ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. ఎంత తీసుకున్నావని లింకన్ అడిగాడు. లామన్ చెప్పాడు. ఈ పనికి అంత తగదు, సగం తిరిగి ఇచ్చెయ్యి, లేకపోతే నా వాటా నాకొద్దు అన్నాడు లింకన్. లామన్ ఏడ్చుకుంటూ ఇచ్చేశాడు. ఇదంతా బెంచి మీది నుంచి డేవిస్ విన్నాడు. లింకన్‌ను దగ్గరకు పిలిచి, ఇలా చిల్లర ఫీజులు పుచ్చుకుని బార్‌ను అడుక్కు తినేలా చేస్తున్నావు అని గుసగుసగా తిట్టాడు. ఆ గుసగుస కోర్టు హాలంతా వినిపించిందట. ఆ రాత్రి పూటకూళ్ల ఇంట్లో వకీళ్లంతా కూర్చుని ఉత్తుత్తి కోర్టు పెట్టారు. తక్కువ ఫీజు నేరం మీద లింకన్‌కు జరిమానా వేశారు. లింకన్ నవ్వుతూ కట్టాడు.

మరి ఇంత దోస్తీ తీర్పుల్లో కనిపించిందా? లింకన్ డేవిస్ ముందు గెలిచాడు, ఓడాడు కూడా. 1857లో ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే మీద తన 5,000 డాలర్ల ఫీజు కోసం లింకన్ స్వయంగా దావా వేస్తే, అది బ్లూమింగ్టన్‌లో డేవిస్ కోర్టులోనే నడిచింది. జూరీ లింకన్ వైపే చెప్పింది. మన ప్లీడరు గారైతే ఆ దావా మరో కోర్టుకు మార్చమని ముందు తానే పిటిషన్ పడేసేవారు. డేవిస్‌కు ఆ ఊహ కూడా వచ్చి ఉండదు.

2

1860 మే నెల, చికాగో. రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకోవడానికి విగ్వామ్ అనే పెద్ద చెక్క హాలు కట్టారు. సభ 16 నుంచి 18 దాకా. గెలుస్తాడని అందరూ అనుకుంటున్నది న్యూయార్క్ నాయకుడు సెవార్డ్. లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంటి దగ్గరే ఉన్నాడు. ట్రెమాంట్ హౌస్ హోటల్లో గదులు తీసుకుని లింకన్ తరఫున మొత్తం వ్యవహారం నడిపింది సర్క్యూట్ జడ్జి డేవిస్. రాజీనామా చేయలేదు, సెలవు కాగితం కూడా పెట్టినట్టు లేదు.

చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఏ రాష్ట్రం ప్రతినిధుల దగ్గరికి ఆ రాష్ట్రంలో పుట్టినవాణ్ణే పంపాడు. మన ఎన్నికల్లో ఏ ఊరికి ఆ ఊరి అల్లుణ్ణి పంపినట్టు. మొదటి విడతలో మావాడికి వేయలేరా, సరే, రెండో విడతలో వేయండి అని అడగమన్నాడు. ఇండియానా, పెన్సిల్వేనియా చేజిక్కాలి. చేజిక్కించుకోవడానికి ఏం మాట ఇచ్చారన్నది ఇప్పటికీ తర్జనభర్జనే. నన్ను కట్టిపడేసే ఒప్పందాలు చేయొద్దు అని లింకన్ ఒక చీటీ పంపాడు. లింకన్ ఇక్కడ లేడుగా, ఇక్కడ పని చేసేది మనం అన్నట్టుగా డేవిస్ దాన్ని పక్కన పెట్టాడని చెప్పుకుంటారు. ఎలా జరిగినా, ఇండియానాకు చెందిన కేలబ్ స్మిత్, పెన్సిల్వేనియాకు చెందిన కామెరాన్ తర్వాత లింకన్ మంత్రివర్గంలో తేలారు.

మొదటి విడతలో సెవార్డ్ 173½, లింకన్ 102. రెండో విడతలో 184½, 181. మూడో విడతలో లింకన్ 231½. గెలవడానికి 233 కావాలి. ఒకటిన్నర ఓటు తక్కువ. ఒహాయో ప్రతినిధి ఒకడు లేచి, మా నాలుగు ఓట్లు లింకన్‌కు మారుస్తున్నాం అన్నాడు. ఆ భారీ మనిషి డేవిస్ కన్నీళ్లు పెట్టుకున్నాడంటారు.

ఇదంతా ఒక సిట్టింగ్ జడ్జి చేసిన పని అని ఇంకోసారి గుర్తు చేస్తున్నాను. ఇక్కడున్న న్యాయమూర్తులు కదలడం చూస్తున్నాను. భయపడకండి, ఆదర్శమని చెప్పడం లేదు.

3

ఇంత చేసినవాడికి లింకన్ ఏమిచ్చాడు? మొదట ఏమీ ఇవ్వలేదు. సుప్రీంకోర్టులో మూడు ఖాళీలుండగా మొదటిది స్వేన్‌కు, రెండోది మిల్లర్‌కు వెళ్లింది. డేవిస్ స్నేహితులు వాషింగ్టన్ వెళ్లి అడిగారు, ఉత్తరాలు రాశారు, గొడవ చేశారు. 1862 అక్టోబరులో మూడోది డేవిస్‌కు వచ్చింది. డిసెంబరులో సెనేట్ ఆమోదించింది. బాకీ తీరిందని లింకన్ ఊపిరి పీల్చుకుని ఉంటాడు.

డేవిస్ మాత్రం లింకన్ చెప్పినదానికల్లా తల ఊపే మనిషి కాడు. బానిసల విముక్తి విధానాన్ని మార్చుకోమని 1863లో ఆయన ముఖం మీదే చెప్పినవాళ్లలో ఈయన ఉన్నాడు. లింకన్ వినలేదు. అందులో లింకన్‌దే న్యాయం, డేవిస్‌ది తప్పు. ఉత్తరాది రాష్ట్రాల్లో పౌరులను మిలిటరీ కోర్టుల్లో విచారించడం రాజ్యాంగానికి విరుద్ధమని కూడా చెప్పాడు. అందులో డేవిస్‌దే న్యాయం. అది ఎలాగో కాసేపట్లో చెబుతాను.

1865 ఏప్రిల్‌లో లింకన్‌ను కాల్చారు. అంత పెద్ద వకీలు, వీలునామా రాయకుండా పోయాడు. పెద్ద కొడుకు రాబర్ట్ తంతి ఇచ్చి డేవిస్‌ను పిలిపించాడు. డేవిస్ ఆ ఆస్తిని రెండేళ్లకు పైగా చూసి, పెంచి, లక్షా పదివేల డాలర్ల పైచిలుకు చేసి, భార్యకూ ఇద్దరు కొడుకులకూ మూడు సమాన వాటాలుగా పంచాడు. చట్ట ప్రకారం తనకు రావలసిన కమీషను తీసుకోలేదు. స్నేహానికి బాకీ ఉంటే, డేవిస్ దాన్ని ఇక్కడ తీర్చాడు, బెంచి బయట.

4

ఇక మిలిగన్. నా ఉపన్యాసంలో సగం బరువు దీని మీదే ఉంది, కాస్త ఓపిక పట్టండి.

లాంబ్డిన్ మిలిగన్ ఇండియానాలోని హంటింగ్టన్ ఊళ్లో వకీలు. డెమోక్రాట్. అంతర్యుద్ధమంటే పడదు, లింకన్ అంటే అసలే పడదు. దక్షిణాదికి సాయం చేయడానికి రహస్య సంఘంలో కుట్ర పన్నాడని 1864 అక్టోబరులో సైన్యం ఇంటికి వచ్చి పట్టుకెళ్లింది. ఇండియానాపోలిస్‌లో మిలిటరీ కమిషన్ విచారించి ఉరిశిక్ష వేసింది. తేదీ కూడా పెట్టారు, 1865 మే 19.

ఇండియానాలో అప్పుడు యుద్ధం లేదు. కోర్టులు తెరిచే ఉన్నాయి. జడ్జీలు రోజూ వస్తున్నారు, జూరీలు కూర్చుంటున్నాయి. 1865 జనవరిలో అదే ఇండియానాపోలిస్‌లో ఫెడరల్ గ్రాండ్ జూరీ కూర్చుంది. మిలిగన్ మీద అభియోగం పెట్టకుండానే లేచిపోయింది. ఒక వీధిలో గ్రాండ్ జూరీకి కనిపించని నేరానికి ఆ పక్క వీధిలో సైనికాధికారులు ఉరితాడు సిద్ధం చేశారన్న మాట.

ఉరికి తొమ్మిది రోజుల ముందు మిలిగన్ వకీళ్లు ఈ నిర్బంధం చట్టబద్ధమేనా తేల్చమని ఇండియానాపోలిస్ సర్క్యూట్ కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. ఆ రోజుల్లో సుప్రీంకోర్టు జడ్జీలు సర్క్యూట్ కోర్టుల్లోనూ కూర్చునేవారు. అక్కడ కూర్చున్నది డేవిస్, పక్కన జిల్లా జడ్జి. మా ఇద్దరికీ అభిప్రాయ భేదం వచ్చింది, సుప్రీంకోర్టు తేల్చాలి అని రాసి పైకి పంపారు. అది కేసును పైకెక్కించడానికి అప్పటి చట్టంలో ఉన్న మెట్టు. నిజంగా భేదం వచ్చిందా అని అడిగే చాదస్తులు బార్‌లో ఎప్పుడూ ఉంటారు. ఇక్కడా ఉన్నారు, చేతులు దించండి. ఉరి మొదట వాయిదా పడింది, తర్వాత అధ్యక్షుడు జాన్సన్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు.

1866 మార్చిలో వారం పైగా వాదనలు. ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ స్పీడ్, ఆయనతో స్టాన్‌బెరీ, జనరల్ బట్లర్. మిలిగన్ వైపు జెరెమయా బ్లాక్, డేవిడ్ డడ్లీ ఫీల్డ్, జేమ్స్ గార్‌ఫీల్డ్. ఈ డడ్లీ ఫీల్డ్ తమ్ముడు స్టీఫెన్ ఫీల్డ్ బెంచి మీదే ఉన్నాడు. అన్న వాదిస్తుంటే తమ్ముడు విన్నాడు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గార్‌ఫీల్డ్ ఉత్తరాది సైన్యంలో జనరల్‌గా పనిచేసి కాంగ్రెస్ సభ్యుడైన రిపబ్లికన్. శత్రుపక్షంవాడి తరఫున వాదిస్తే తన ఓట్లు పోతాయని తెలిసి కూడా వచ్చాడు. ఏ కోర్టులోనైనా అతను వాదించిన మొట్టమొదటి కేసు అది. సుప్రీంకోర్టులో అరంగేట్రం! జూనియర్లు గమనించాలి, కానీ అనుకరించకండి.

ఏప్రిల్ 3న మిలిగన్‌ను విడిచిపెట్టమన్నారు. తొమ్మిదిమందిదీ ఆ విషయంలో ఒకే మాట. కారణాలతో తీర్పు డిసెంబరు 17న వచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది డేవిస్. సారం ఇది. రాజ్యాంగం యుద్ధకాలానికీ శాంతికాలానికీ ఒక్కటే. పాలించేవాడికీ పాలితుడికీ అదే. మామూలు కోర్టులు తెరిచి ఉన్నంతకాలం, సైనికుడు కాని పౌరుణ్ణి మిలిటరీ కమిషన్ ముందు నిలబెట్టడానికి అధ్యక్షుడికి అధికారం లేదు, కాంగ్రెస్‌కూ లేదు.

“కాంగ్రెస్‌కూ” అన్న ఆ ఒక్క ముక్క దగ్గరే కోర్టు చీలింది. ప్రధాన న్యాయమూర్తి ఛేజ్, ఇంకో ముగ్గురు విడిగా రాశారు. మిలిగన్‌ను వదలాలి, నిజమే, 1863 చట్టం ప్రకారమే వదలాలి. గ్రాండ్ జూరీ అభియోగం పెట్టకుండా లేచిపోతే ఖైదీని వదిలెయ్యమని ఆ చట్టంలోనే ఉంది. అంతవరకు చెబితే సరిపోయేదానికి, కాంగ్రెస్ చేతులు కూడా ముందే కట్టెయ్యడం దేనికి? 5-4. కేసుకు అవసరమైనంత కన్నా ఎక్కువ రాయకూడదన్నది మన దగ్గర కూడా పాత పాఠమే. ఆ లెక్కన ఛేజ్ జాగ్రత్తపరుడు, డేవిస్ దుడుకువాడు. నేను చాలా ఏళ్లు క్లాసులో ఛేజ్ వైపే చెప్పాను. ఇప్పుడు డేవిస్ వైపుకి జరిగాను. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో మన సుప్రీంకోర్టు ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ తలుపు మూసినప్పుడు, నలుగురికి ఎదురు నిలిచి ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదన్నారు. ఆ తీర్పు పేపర్లో వచ్చిన రోజున ప్లీడరు గారి గదిలో ఉన్నాను. ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. దుడుకుగా రాసినా, ముందే రాసిపెట్టి ఉండడానికి విలువ ఉందని ఆ రోజును తర్వాత తలుచుకున్నప్పుడు నాకు తెలిసింది.

ఇంతటితో ఆపితే డేవిస్‌కు హారతి పట్టినట్టే. ఆపను. తీర్పు వచ్చేనాటికి దక్షిణాదిలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు ఉన్నారు. అక్కడి మామూలు కోర్టులూ తెరిచే ఉన్నాయి. ఆ కోర్టుల్లో జడ్జీ జూరీ అంతా నిన్నటిదాకా వాళ్లను ఆస్తిగా రాసుకున్నవాళ్లే. అలాంటి నల్లమనిషికి కాస్తో కూస్తో న్యాయం దొరికిందంటే అది సైన్యం పెట్టిన కోర్టుల్లోనే. ఇండియానాలో మిలిగన్‌ను కాపాడిన వాక్యం మిసిసిపీలో ఆ మనిషికి ఉన్న ఒక్క గొడుగునూ లాగేస్తుందా? రిపబ్లికన్ నాయకుడు థాడియస్ స్టీవెన్స్ ఈ తీర్పు మీద నిప్పులు చెరిగాడు. దక్షిణాది పునర్నిర్మాణం గురించి నేనొక్క మాటైనా రాశానా అని డేవిస్ ఉత్తరాల్లో గింజుకున్నాడు. రాయలేదు. కానీ వాక్యం ఒకసారి బయటికి వచ్చాక, రాసినవాడిని అడిగి నడవదు. కాంగ్రెస్ లెక్క చేయకుండా 1867లో దక్షిణాదిని మిలిటరీ జిల్లాలుగా విడగొట్టింది. విక్స్‌బర్గ్ పత్రికా సంపాదకుడు మెకార్డిల్ అదే మిలిగన్ వాదనతో సుప్రీంకోర్టుకు వస్తే, కాంగ్రెస్ ఆ అప్పీలు వినే అధికారాన్నే తీసేసింది. కోర్టు 1869లో తలవంచింది. తలవంచినవాళ్లలో డేవిస్ కూడా ఉన్నాడు.

మిలిగన్ మిగతా కథ చెబితే ప్రాక్టీసు చేసేవాళ్లు సంతోషిస్తారు. తనను అన్యాయంగా నిర్బంధించారని జనరల్ హోవీ మీద నష్టపరిహారం దావా వేశాడు. వేలకు వేలు అడిగాడు. 1871లో జూరీ అతని పక్షానే తీర్పు చెప్పి, చేతిలో 5 డాలర్లు పెట్టింది.

5

బెంచి మీద ఉంటూనే డేవిస్ మనసు రాజకీయాల వైపు లాగుతూనే ఉంది. 1872లో కార్మిక సంస్కరణ పార్టీ ఆయన్ని అధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించింది. వద్దనలేదు. లిబరల్ రిపబ్లికన్లు కూడా తననే నిలబెడతారని ఆశపడ్డాడు. వాళ్లు పత్రికాధిపతి గ్రీలీని నిలబెట్టేసరికి తప్పుకున్నాడు. గ్రీలీ ఓడి, ఎలక్టోరల్ ఓట్లు వేయకముందే చనిపోతే, మిజూరిలో ఒక ఎలక్టర్ డేవిస్‌కు ఓటు వేశాడు. ఆయనకు జీవితంలో పడిన అధ్యక్ష ఎలక్టోరల్ ఓటు అదొక్కటే.

ఇక 1876 ఎన్నిక. డెమోక్రాట్ టిల్డెన్‌కు జనం ఓట్లు రెండున్నర లక్షల దాకా ఎక్కువ వచ్చాయి. ఎలక్టోరల్ ఓట్లలో టిల్డెన్‌కు 184, గెలవడానికి 185. రిపబ్లికన్ హేస్‌కు 165. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరొలైనా, ఒరెగాన్‌ల నుంచి 20 ఓట్లు తగాదాలో ఉన్నాయి. టిల్డెన్‌కు ఒక్కటి చాలు, హేస్‌కు ఇరవైకి ఇరవై కావాలి. రాజ్యాంగంలో దారి లేదు. మళ్లీ యుద్ధమే వస్తుందేమో అన్నారు.

కాంగ్రెస్ ఒక కమిషన్ వేసింది. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, ఐదుగురు సుప్రీంకోర్టు జడ్జీలు. మొదటి పధ్నాలుగు పేర్లూ పార్టీల వారీగా చెరి ఏడుగా తూగేలా అల్లారు. పదిహేనోవాణ్ణి ఆ పధ్నాలుగులో ఉన్న నలుగురు జడ్జీలు ఎంచుకోవాలి. ఆ పదిహేనో కుర్చీ డేవిస్‌దని అందరికీ తెలుసు. దేశంలో రెండు పార్టీలూ నమ్మే మనిషి ఆయనొక్కడే. పుట్టింది మొదలు రాజకీయాల్లో మునిగి తేలినవాడే, అయినా ఎవరి మనిషీ కాడన్న పేరు. మిలిగన్ తీర్పుతో సంపాదించిన పేరు అది.

1877 జనవరి 25న, కమిషన్ బిల్లు చట్టం కావడానికి నాలుగు రోజుల ముందు, ఇల్లినాయ్ శాసనసభ డెమోక్రాట్ల, స్వతంత్రుల ఓట్లతో డేవిస్‌ను సెనేట్‌కు ఎన్నుకుంది. కమిషన్‌లో కూర్చోలేనని డేవిస్ అన్నాడు. సెనేట్‌కు ఎన్నికైనవాడు తీర్పు చెప్పడం మర్యాద కాదన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ చూడండి, సుప్రీంకోర్టు నుంచి మాత్రం వెంటనే దిగలేదు. మార్చి 4 దాకా జడ్జిగానే ఉన్నాడు. మిగతా కేసులు విని తీర్పు చెప్పడానికి అడ్డురాని సెనేట్ ఎన్నిక, ఆ ఒక్క కమిషన్‌కే అడ్డొచ్చింది. ఆ కుర్చీలో రిపబ్లికన్ జడ్జి బ్రాడ్లీ కూర్చున్నాడు. తగాదా ఓట్లన్నీ 8-7తో హేస్ వైపు పడ్డాయి. 185-184. ఏప్రిల్ కల్లా సౌత్ కరొలైనా, లూసియానా రాజధానుల నుంచి సైన్యం వెనక్కి వచ్చింది. మిసిసిపీ మనిషి గురించి చెప్పానే, అలాంటివాళ్లకు ఆ తర్వాత చాలా తరాలు ఎవరూ లేరు.

డేవిస్ కూర్చుంటే టిల్డెన్ గెలిచేవాడని నేను అనడం లేదు. హేస్ వైపే చెప్పేవాడేమో. చెప్పి ఉంటే ఆ ఎనిమిదో ఓటు రిపబ్లికన్ ఓటు కాదు, జడ్జి ఓటు అని జనం అనుకునేవారు. ఆ తేడా కోసమే ఆయన్ని పిలిచారు. ఆ తేడా ఇవ్వకుండా వెళ్లిపోయాడు.

ఇక్కడ మళ్లీ ప్లీడరు గారు గుర్తొస్తారు. మన చుట్టుపక్కల ఊళ్లో అన్నదమ్ములు ఇద్దరు కొబ్బరితోట పంపకం మీద తలలు పగలగొట్టుకునే దాకా వచ్చారు. ఇద్దరూ ఒప్పుకున్న పేరు ఒక్కటే, ఈయనది. ఇద్దరూ ఆయనకు బంధువులే. “ఎటు చెప్పినా ఒకడు పోతాడు, తెలుసుగా?” అని గుమాస్తా హెచ్చరించాడు. “తెలుసు. ఎవరు పోతాడో మాత్రం కాగితాలు చూశాక గాని తెలియదు” అని పెద్దమనిషిగా కూర్చున్నారు. మూడు వారాలు దస్తావేజులు చూసి తీర్పు రాశారు. తమ్ముడు ఆ తర్వాత ఆయన గడప తొక్కలేదు. శవం లేచిన రోజున మాత్రం వీధి చివర నిలబడి చూసి వెళ్లాడు.

6

సెనేట్‌లో డేవిస్ ఏ పార్టీ బల్ల వైపూ కుదురుగా కూర్చోలేదు. 1881 సెప్టెంబరులో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ తుపాకీ గాయాలతో చనిపోయాడు. మిలిగన్ కేసులో తొలి వాదన వినిపించిన ఆ గార్‌ఫీల్డే. ఉపాధ్యక్షుడు ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు. ఉపాధ్యక్షుడి కుర్చీ ఖాళీ అయింది. సెనేట్‌లో రెండు పార్టీల బలమూ సమానం. అక్టోబరు 13న డేవిస్‌ను సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. అప్పటి చట్టం ప్రకారం ఆర్థర్‌కు ఏమైనా అయితే దేశాధ్యక్షుడు ఆయనే. 1883 మార్చి దాకా అంత దగ్గర్లో కూర్చుని, పదవీకాలం అయ్యాక బ్లూమింగ్టన్ వెళ్లిపోయాడు. 1886 జూన్ 26న అక్కడే కన్నుమూశాడు. ఆయన కట్టించిన పెద్ద ఇల్లు ఇంకా ఉంది, చూడ్డానికి జనం వెళ్తుంటారు.

జడ్జి రాజకీయాల్లోకి వెళ్లడం అమెరికా జబ్బు అని చప్పరించేయకండి. రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారు మన ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరి 27న, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు చెప్పారు, ఏప్రిల్‌లో రాజీనామా చేశారు, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుస్సేన్ గారి మీద రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. ఆ తీర్పు వెనక ఈ పోటీ ఉందేమో అని అప్పట్లో గుసగుసలాడినవాళ్లున్నారు. ఖన్నా గారు కూడా 1982లో అదే పదవికి నిలబడి ఓడారు. వీళ్లిద్దరిలో తేడా ఒకటుంది. ఖన్నా గారు కుర్చీ దిగి ఐదేళ్లయ్యాక నిలబడ్డారు. తీర్పు వేడి చల్లారకముందే సుబ్బారావు గారు నిలబడ్డారు. గోలక్‌నాథ్ తీర్పు నాకు నచ్చుతుంది. దాన్ని రాసిన చెయ్యి రెండు నెలలు కూడా ఆగలేకపోయింది, అది నచ్చదు. మనవాడు కదా అని ఈ మాట మింగడం నా వల్ల కాదు.

డేవిస్ విషయంలోనూ నా తీర్పు అలాంటిదే. 1866లో రాసిన తీర్పుకు ఆయన్ని పెద్ద జడ్జి అంటాను. 1877 జనవరిలో వదిలిన కుర్చీకి తప్పు పడతాను. రెండూ ఒకే మనిషి పనులు, ఒకదాన్ని ఇంకొకటి కొట్టెయ్యదు.

సుప్రీంకోర్టులో ఆయన ఖాళీ చేసిన చోటుకు హేస్ ఆ ఏడాదే కెంటకీకి చెందిన జాన్ మార్షల్ హార్లన్‌ను పంపాడు. నల్లవాళ్లకు రైల్లో వేరే పెట్టె పెట్టడం తప్పు కాదని 1896లో కోర్టు చెప్పినప్పుడు, కాదు తప్పే అని రాసింది ఆ కుర్చీలో కూర్చున్న హార్లన్ ఒక్కడే.

జూనియర్లకు ఒక మాట చెప్పి దిగిపోతాను. మిలిగన్ తీర్పును డేవిస్ రాసినంతవరకు చదివి పుస్తకం మూసేయకండి. కింద ఛేజ్ రాసింది కూడా చదివి, మీరెవరి వైపో వచ్చే ఏడాది ఇదే హాల్లో నాకు చెప్పండి.